నొక్కుడు కుళాయి

మా మామగారు ఇంట్లోకి కొత్త కుళాయిలు కొన్నది నేను పనిచేసే దుకాణంలోనే, నన్ను ఒక్క మాటైనా అడక్కుండానే.

మాది బాత్‌రూమ్ సామాన్ల దుకాణం. మాది అంటే ఓనరుది. నేను కూర్చుని బిల్లులు కొడతాను. లోపలికి రాగానే ఎడమవైపు గోడ నిండా కుళాయిలు బిగించి ఉంటాయి. ఒక్కదాంట్లోనూ నీళ్ళు రావు. వచ్చినవాళ్ళు వాటిని తిప్పి చూస్తారు, ఖాళీ మూతి కింద చెయ్యి పెట్టి చూస్తారు, బాగుందంటారు. నీళ్ళు లేని కుళాయి ఎవరికైనా బాగానే ఉంటుంది మరి.

ఆ వేసవిలో నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. పైగా ఇంత వరకు వాడితే ఒక రేటు, గీత దాటితే రెట్టింపు అని నీళ్ళ ఆఫీసు వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. అంతే, జనం మా దుకాణం మీద పడ్డారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాదొకటే చిలకపలుకు: "కుళాయి మూతికి చిన్న జల్లెడ, సన్నధార షవరు, రెండు మీటల ఫ్లష్ ట్యాంకు. ఈ మూడూ పెట్టించుకోండి, బిల్లు మూడో వంతు తగ్గుతుంది." అబద్ధం కాదు. తగ్గేది.

ఆ రద్దీలో మామగారు వచ్చారు. ఆయన ఫ్యాక్టరీ స్టోర్సులో పెద్దగా చేసి రిటైరైన మనిషి. ఒక్క నట్టు ఇవ్వడానికి మూడు సంతకాలు అడిగేవారట. ఎంగిలిచేత్తో కాకిని తోలరు. నా ముందు నుంచే నడిచి, నన్ను కుర్చీనో బల్లనో చూసినట్టు చూసి, తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళారు.

"ఫ్యాక్టరీలో చేతులు కడుక్కునే చోట ఉండేదండీ. నొక్కితే నీళ్ళొస్తాయి, దానంతటదే ఆగిపోతుంది. అదుందా?"

"ఉంది సార్. కానీ అది హోటళ్ళకి, సినిమా హాళ్ళకి పెడతారు. ఇళ్ళకి ఎవరూ..."

"మా ఇంట్లో వాళ్ళకంటే సినిమా హాలుకొచ్చే జనం నయం" అని నావైపు చూశారు మామగారు. "మా వాళ్ళకి కుళాయి తిప్పడమే తెలుసు, కట్టడం తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. అయినా తమాయించుకున్నాను. "మామయ్యా, దాని కింద బకెట్ నిండాలంటే తెల్లారుతుంది. స్నానానికి పనికిరాదు."

"నువ్వు బిల్లు కొట్టమ్మా."

"కొడతాను. స్టాఫ్ డిస్కౌంటుకి మాత్రం నా పేరు కావాలేం?"

"నీ పేరు ముందున్న ఇంటిపేరు నాదే" అన్నారాయన. ఓనరు నవ్వాడు. గోడకున్న నొక్కుడు కుళాయిని మామగారు బొటనవేలితో టక్కున నొక్కారు, అది టక్కున పైకి లేచింది. ఆ లేవడం చూసి చంటిపిల్లాడిలా మురిసిపోయారు.

ప్లంబరు రెండు రోజులు ఇంటిని తవ్వి పోశాడు. మా ఇంట్లో బాత్‌రూములు రెండు. ముందుది మా ఆయనదీ నాదీ. వెనకది అత్తమామలది. ముందుదానికి సన్నధార షవరు వేశారు, వంటింటి కుళాయికి జల్లెడ తగిలించారు, రెండు చోట్లా రెండు మీటల ఫ్లష్ పెట్టారు. వెనక బాత్‌రూములో షవరు లేదు. ఉన్నది ఒకటే కుళాయి, దాని కింద బకెట్, చెంబు. ఆ కుళాయి తీసేసి నొక్కుడుది పెట్టారు.

కాదనడం ఎందుకు, మామగారు చేసిన పనిలో మంచి ఉంది. వెనక పాత ఫ్లష్ ట్యాంకు రాత్రీ పగలూ సుయ్‌మని కారుతూనే ఉండేది. ఆ చప్పుడు పోయింది. జల్లెడ పెట్టాక గిన్నెలు సగం నీళ్ళతో తెల్లబడ్డాయి. షవరు కూడా, తిట్టుకుంటూనే, అలవాటైంది. వెనక పాత కుళాయి కూడా కారే మాట నిజమే. వాషరు అరిగిపోయి, పిడి వదులైపోయి, చిటికెన వేలు తగిలితే చాలు తిరిగేది. అలా వదులైపోవడం ఎవరికి పనికొచ్చేదో అప్పుడు నాకు తట్టలేదు.

బిగింపంతా అయ్యాక మామగారు హాల్లో నిలబడి ఆర్డరు వేశారు. "ఇవాళ్టి నుంచి ఎవరి బకెట్ వాళ్ళే నింపుకోవాలి. అప్పుడుగానీ నీళ్ళ విలువ తెలీదు."

అత్తగారు వెనక నుంచి వచ్చి, "అది గట్టిగా ఉందండీ" అంది.

"కొత్తది కదా. వాడగా వాడగా అదే వదులవుతుంది."

ఆవిడ ఇంకేం అనలేదు. నేనూ అనలేదు. అనకపోవడానికి నా కారణం నాకుంది. చలికాలం నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకంటే చెబితే నవ్విపోతారు. మాడిన గిన్నె దగ్గర మొదలైంది. మాటకు మాట పెరిగి, "ఇంక నీ వంటింటి గడప తొక్కితే ఒట్టు, నీతో మాట్లాడితే ఒట్టు" అందావిడ. "అంతకంటే నాక్కావలసిందేముంది" అన్నాను నేను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆవిడ. నేనేమైనా తక్కువా? అప్పట్నుంచి ఏం చెప్పుకోవాలన్నా గాలితో చెప్పుకునేవాళ్ళం. "ఈ ఇంట్లో కొందరు తలుపులు నెమ్మదిగా వెయ్యడం నేర్చుకుంటే బాగుండు" అని ఆవిడ. "కొందరికి చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి" అని నేను. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా రోడ్డు మీద హారన్ కొట్టే మనిషి, ఇంట్లోకి వస్తే దగ్గడానికి కూడా భయపడేవాడు.

కుళాయిలు మారిన దగ్గర్నుంచీ అత్తగారు మరీ పెచ్చుమీరిందనిపించింది. పొద్దున టీ పెట్టి బల్ల మీద ఉంచితే గుక్కెడు తాగి వదిలేసేది. భోజనం దగ్గర గ్లాసుతో నీళ్ళు పెడితే ముట్టుకునేది కాదు. ఎండలు మండిపోతున్నాయి, పెదాలు ఎండి పొక్కులు కట్టాయి, అయినా ఆ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉండేది.

"కొందరికి నా చేతి నీళ్ళు కూడా విషమైపోయాయి" అన్నాను ఒకరోజు గాలితో.

"దాహం వేస్తే తాగుతారు, లేకపోతే లేదు. దానికీ లెక్క చెప్పాలా?" అందావిడ గాలితోనే.

పైగా పౌడరొకటి. అంతకు ముందు ఎప్పుడూ పూసుకోని మనిషి, మెడకీ చేతులకీ తెల్లగా పూసుకుని కూర్చునేది. పక్కనుంచి నడిస్తే గుప్పుమనేది. "అమ్మకేంటే ఈ వయసులో సోకు?" అని మా ఆయన నా చెవిలో అడిగాడు. "నన్నడుగుతావేం? నాతో మాట్లాడుతుందా?" అని కసిరాను. రెండు పూటలా ఎదురెదురుగా కూర్చుని తింటున్నాం. ఆవిడ ముఖం నేను సరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో.

వేసవి సగం దాటాక బిల్లు వచ్చింది. మామగారు ఆ రోజు భోజనాల దగ్గర లేచి నిలబడి చదివారు. పాత బిల్లులో సగం కూడా లేదు.

"చూశారా? నవ్వారుగా అందరూ! ఇల్లంటే ఇలా నడపాలి. ఈ బిల్లు పటం కట్టించాలి."

"బాగుంది నాన్నా" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

నాకు మాత్రం మింగుడు పడలేదు. "అంత ఎలా తగ్గుతుంది మామయ్యా? మూడో వంతు తగ్గితే గొప్ప. ఆ కుళాయిల కంపెనీవాళ్ళే అంతకంటే ఎక్కువ చెప్పరు, అబద్ధాలు చెప్పడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళు."

"మనుషుల్లో క్రమశిక్షణ ఉంటే తగ్గుతుంది."

"క్రమశిక్షణకి నీళ్ళ మీటరు తిరగడం మానేస్తుందా?"

"నీకు కుళ్ళు" అన్నారాయన, కుర్చీలో కూర్చుంటూ. అత్తగారి గ్లాసు నిండుగా పక్కనే ఉంది.

మామగారు మీటరును ఏదో చేశారనుకున్నాను. నిజం చెబుతున్నా, నా అనుమానం అదొక్కటే. స్టోర్సు మనిషి కదా, ఏ మరను ఎక్కడ బిగిస్తే ఏది ఆగుతుందో తెలియకపోదు. పట్టుకుని నలుగురిలో పరువు తీయాలని నా ఆశ. మర్నాడు నాకు సెలవు. ఆయన బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, పాత స్నేహితులకి చూపించడానికి పార్కుకి పోయారు. ఆయన అటు వెళ్ళగానే నేను పెరట్లోకి వెళ్ళాను. మీటరు వెనక బాత్‌రూము గోడకే ఉంటుంది. దాని సీలు సీలుగానే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఉసూరుమంటూ తిరగబోతే బాత్‌రూము తలుపు తెరిచి ఉంది.

లోపల గూట్లో రెండు సబ్బులున్నాయి. నెల మొదట్లో నలుగురికీ నాలుగు సబ్బులు నేనే తెస్తాను. మామగారి ఎర్ర సబ్బు అరిగి అరిగి గోరంత అయింది. అత్తగారి ఆకుపచ్చ సబ్బు మీద కంపెనీ పేరు అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. ఎండకి బీటలు వారి ఉంది. నెల అయిపోవస్తోంది.

వెనక నుంచి పౌడరు వాసన వచ్చింది.

"కొందరికి పక్కవాళ్ళ స్నానాల గదిలో ఏం పనో" అంది అత్తగారు గుమ్మంలోంచి.

నేను గాలితో మాట్లాడలేదు. "అత్తయ్యా, ఈ కుళాయి ఒకసారి నొక్కండి."

"నీకెందుకు?"

"నొక్కండి."

ఆవిడ చెయ్యి ముందుకు చాపింది. కీళ్ళవాతంతో ఆ వేళ్ళు ఎప్పుడో వంకర్లు పోయాయి, అది నాకు తెలియనిది కాదు. ముందు వేళ్ళతో నొక్కింది. అది కదల్లేదు. తరువాత అరచేత్తో నొక్కింది. తరువాత గోడకి ఆనుకుని, మణికట్టు మీద ఒళ్ళంతా మోపింది. సన్నగా రెండు గుక్కల నీళ్ళు పడి ఆగిపోయాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

"ఆయన పోసుకున్నాక బకెట్లో అడుగున కాసిని ఉంటాయి" అంది, నావైపు చూడకుండా. "గుడ్డ తడిపి తుడుచుకుంటున్నా. ఈ వయసుకి చాలదా?"

"మరి మంచినీళ్ళేం చేశాయి? అవెందుకు తాగరు?"

"తాగితే వెళ్ళాలి. వెళ్తే ఆ మీట నొక్కాలి. అదీ అంతేగా." ఫ్లష్ ట్యాంకు వైపు గడ్డంతో చూపించింది.

నా కడుపు మండిపోయింది. ఆవిడ మీదా, మామగారి మీదా, ఆ ఇత్తడి ముక్క మీదా, ఇంటిల్లిపాది మీదా. "ముందు బాత్‌రూములో షవరుంది కదా! తిప్పితే వస్తుంది. అక్కడికెందుకు రాలేదు?"

"అది నీది."

"వంటింట్లో కుళాయుంది."

"ఆ గడప తొక్కనని ఒట్టేశాను."

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి! మనిషి ఎండిపోయి చస్తే ఒట్టు నిలబడుతుందా?"

"అరవకు. పక్కింటివాళ్ళు వింటారు" అందావిడ.

మామగారు ఈల వేసుకుంటూ వచ్చేసరికి నేను హాల్లో కూర్చుని ఉన్నాను. ఆయన జేబులోంచి బిల్లు తీసి బల్ల మీద పెట్టారు. నేను ఆ బిల్లు మీద ఆకుపచ్చ సబ్బు పెట్టాను.

"ఏమిటిది?"

"మీరు ఆదా చేసింది. ఇది కూడా పటం కట్టించండి."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా చెప్పాను, మెల్లగా కాదు. ఆయన సబ్బు తీసుకుని ఇటూ అటూ తిప్పారు. బీట మీద గోరు పెట్టి చూశారు. "నాతో... నాతో చెప్పలేదే" అని నీళ్ళు నమిలారు.

"గట్టిగా ఉందని చెప్పింది. నేనిక్కడే ఉన్నాను. వాడగా వాడగా వదులవుతుందన్నారు."

"అంటే... చెయ్యి సంగతి చెబితే నేను..."

"ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి మీ కళ్ళ ముందే ఉంది కదా మామయ్యా! దానికి మూడు సంతకాలు కావాలా?"

అప్పుడు అటు పక్కన కూర్చున్న అత్తగారు లేచింది. నేను ఆవిడ తరఫున మాట్లాడుతున్నానని నా అమాయకత్వం. ఆవిడ నా మీదికే వచ్చింది. "ఆయన్ని అనడానికి నువ్వెవరివే? నేనడిగానా నిన్ను? నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు!"

"జాలా? ఎవరికి జాలి? పక్కన కూర్చుని అన్నం తినాలంటే ముక్కు మూసుకోవాల్సొస్తోంది నాకు. ఆ పౌడరు డబ్బా ఖరీదు కూడా నీళ్ళ బిల్లులో కలపండి, ఎంత మిగిలిందో తేలుతుంది!"

ఆ మాటకి మామగారు నోరు తెరిచారు. అత్తగారు నా మీదికి ఇంకో అడుగు వేసింది. కొడుతుందేమో అనుకున్నాను. జాలితో అన్న మాట అయితే ఆవిడ ఆ గదిలోంచి కదిలేది కాదు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"నా చెప్పులెక్కడ?" అంది.

దుకాణంలో ఓనరు కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. గోడ పొడవునా నడుస్తూ ఒక్కొక్క కుళాయినీ ఆ వంకర వేళ్ళతో తట్టి చూసింది. "ఇది జారిపోతుంది. ఇది బిగుసుకుపోయింది. ఇదేంటి, అద్దంలా ఉంది, పట్టుకునేదెక్కడ?"

నేను పైఅరలోంచి ఒకటి దింపాను. పొడుగాటి పిడి, గరిటంత ఉంటుంది. ఆసుపత్రుల్లో డాక్టర్లు చేతులు కడుక్కున్నాక ముట్టుకోకుండా మోచేత్తో కట్టేసే రకం. మా దగ్గర ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయింది. "దీన్ని వెనక స్టోరు రూములో పైపుకి బిగించి చూపించండి" అన్నాను ఓనరుతో.

"పైపుకెందుకమ్మా? ఇక్కడే తిప్పి చూసుకుంటారుగా."

"ఇక్కడ మా మామగారు కూడా నొక్కి చూసుకునే కొన్నారు. నీళ్ళు లేనప్పుడు మీ కుళాయిలన్నీ బుద్ధిమంతులే. ఇన్నేళ్ళలో ఒక్కటైనా తడిపి అమ్మామా?"

"కస్టమర్ల ముందు అరవకు."

"నేనివాళ కస్టమర్నే."

ఓనరు గొణుక్కుంటూ స్టోరు రూములోకి వెళ్ళి బిగించాడు. అత్తగారు ముందు మణికట్టుతో తోసింది. నీళ్ళు తొట్టిలో ధారగా పడ్డాయి. మోచేత్తో వెనక్కి లాగింది. ఆగిపోయాయి. మళ్ళీ తోసింది. ఈసారి ఆపలేదు. ధార కింద రెండు చేతులూ పెట్టి అలాగే నిలబడింది. ఓనరు నావైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"బాగుందామ్మా?" అన్నాడతను చివరికి.

"మీ దుకాణం మొత్తానికి కుళాయి ఇదొక్కటే. మిగతావన్నీ బొమ్మలు" అంది అత్తగారు చేతులు దులుపుకుంటూ.

నేను బిల్లు పుస్తకం తీసి, స్టాఫ్ డిస్కౌంటు దగ్గర ఆగాను. ఆవిడ నా భుజం మీదుగా తొంగి చూసింది. "ఇంటిపేరుంటే చాలటగా? కొట్టు. నాదీ అదే."

ప్లంబరు సాయంత్రానికల్లా నొక్కుడు కుళాయి పీకేసి మోచేతి కుళాయి బిగించాడు. మూతికి జల్లెడ కూడా పెట్టాడు. ఫ్లష్‌కి మీటలు తీసేసి, కిందికి లాగే పిడి వేశాడు. తరువాతి బిల్లు మామగారికి గుండెపోటు తెప్పించలేదు లెండి. మొదటి బిల్లంత తగ్గలేదు, పాత రోజులంత పెరగలేదు; సరిగ్గా నా చిలకపలుకు చెప్పినంతే వచ్చింది. కానీ అదంతా తరువాతి మాట.

ఆ సాయంత్రం ప్లంబరు వెళ్ళీ వెళ్ళకముందే అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. నేను తలుపు బయట పీట వేసుకుని కూర్చున్నాను, పీకేసిన ఇత్తడి ముక్క ఒళ్ళో పెట్టుకుని. లోపల కుళాయి తిరిగింది. బకెట్ నిండుతున్న చప్పుడు సన్నగా మొదలై లావైంది. నిండింది. ఆగలేదు. పొర్లి నేల మీద పారుతోంది. చెంబు బకెట్‌కి తగులుతోంది, నీళ్ళు ఒంటి మీద పడుతున్నాయి, కుళాయి మాత్రం పారుతూనే ఉంది.

హాల్లోంచి మామగారు దగ్గారు. మళ్ళీ దగ్గారు. కాసేపటికి నడవాలోకి వచ్చి నిలబడ్డారు. తలుపు కింద నుంచి నీళ్ళు బయటికి వచ్చి ఆయన కాలి దగ్గర ఆగాయి. ఆయన నోరు తెరవబోయారు. నేను ఒళ్ళో ఉన్నదాన్ని టక్కున ఒకసారి నొక్కాను. అది టక్కున పైకి లేచింది.

మామగారు కాలు వెనక్కి తీసుకుని, వచ్చిన దారినే వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

చాలాసేపటికి లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది, గాలితో మాట్లాడే పాత గొంతే.

"బయట కొందరు ఊరికే కూర్చున్నట్టున్నారు. ఇక్కడ వీపు రుద్దుకోవడానికి చెయ్యి అందట్లేదు."

నేను లేచి, కొంగు బొడ్లో దోపుకున్నాను.

"గడియ తీస్తేగా కొందరు లోపలికొచ్చేది" అన్నాను గాలితో.

గడియ తీసిన చప్పుడైంది.